సూరత్‌లో తల ఊపిన సాక్షి

పదవీ విరమణకు రెండేళ్ళు ఉన్నాయనగా, ఒక జూలై నెలలో, నన్ను పార్లమెంటు సచివాలయంలోని పిటిషన్ల శాఖకు డిప్యూటీ సెక్రటరీగా వేశారు. పౌరులు సభకు పెట్టుకునే వినతులను పరిశీలించి పిటిషన్ల కమిటీ ముందుకు తెచ్చే శాఖ అది. బిల్లులు నడిపే శాఖలవాళ్ళు క్యాంటీన్‌లో మమ్మల్ని కాస్త జాలిగా పలకరించేవారు.

చేరిన వారానికే సూరత్ నుంచి ఒక వినతి నా బల్ల మీదికి వచ్చింది. ఆ ఊరి వడోద్ ప్రాంతంలో ఉంటూ మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ నేతపనివాళ్ళు పెట్టుకున్నది. తెలుగు మూలం, నిబంధన ప్రకారం దానికి హిందీ అనువాదం, ప్రతి సంతకం పక్కన పూర్తి చిరునామా, చివర ఒక సభ్యుడి ప్రతిసంతకం. తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెతకలేదని మాత్రం అనను. కోరిక చిన్నది. సభ ముందున్న ప్రజారోగ్య బిల్లులో, వృత్తి వల్ల వచ్చే జబ్బుల పట్టికలో చెవుడు లేదు. దాన్ని చేర్చాలి, చిన్న కార్ఖానాల్లో కూడా ఏటా చెవి పరీక్ష చేయించాలి.

చిక్కేమిటంటే, ఆ బిల్లు ఉన్నది మా దగ్గర కాదు, ఆరోగ్య విషయాల స్థాయీ సంఘం దగ్గర. మా కమిటీ అందులో కామా కూడా మార్చలేదు. సిఫారసు చేసి పంపగలదు, అంతే. వాళ్ళ నివేదికకు మూడు వారాల గడువుంది. ఆలోగా చేరకపోతే మా సిఫారసు నేరుగా బీరువాకు చేరుతుంది. మంత్రిత్వశాఖను అభిప్రాయం అడిగితే, నేతపనివాళ్ళకు వినికిడి తగ్గిందనడానికి తమ దగ్గర సమాచారం లేదని రెండు పేజీలు రాసి పంపింది. లేనిదానికి రెండు పేజీలు ఎక్కువే.

కమిటీలు మామూలుగా పార్లమెంటు ఆవరణ దాటి సాక్ష్యం తీసుకోవు. దాటాలంటే సభాపతి అనుమతి కావాలి. అది వచ్చేసరికే వారం పోయింది. సూరత్‌లో ఒక అతిథిగృహం సమావేశ మందిరంలో కూర్చున్నాం. ఉదయం పిటిషనర్లు, మధ్యాహ్నం కార్ఖానా యజమానుల సంఘం, సాయంత్రం చైర్మన్ గారి విమానం. నేను గోడ గడియారాన్నీ చేతి గడియారాన్నీ మార్చి మార్చి చూస్తున్నాను. రెండూ ఒకే మాట చెబుతున్నా నమ్మకం కుదరడం లేదు.

పిటిషనర్ల తరఫున వచ్చినవాడు మల్లేశం. యాభై దాటిన మనిషి. సాక్ష్యం మొదలుపెట్టే ముందు చైర్మన్ ఒక హెచ్చరిక చదవాలి: సాక్షి చెప్పేది బహిరంగం కావచ్చు, రహస్యంగా ఉంచమని సాక్షి కోరవచ్చు, కోరినా సభ్యులకు అందుబాటులో ఉండవచ్చు. ఆ కాగితం చైర్మన్ ముందు పెట్టేది నేనే. ఆయన తల వంచి, ఎన్నోసార్లు చదివినవాడి వేగంతో చదివేశారు. మల్లేశం తల ఊపాడు. రిపోర్టర్లు, అంటే ప్రతి మాటా రాసుకునే ఉద్యోగులు, దాన్ని అంగీకారంగా రాసుకున్నారు.

ప్రశ్నలు మొదలయ్యాయి. అడిగిన ప్రతిదానికీ మల్లేశం మంచి హిందీలో, తడబడకుండా జవాబు చెప్పాడు. నాకు లోపల ఇబ్బందిగా ఉంది. చెవుడు గురించి ఫిర్యాదు చేయడానికి వచ్చిన మనిషి ఒక్క ప్రశ్నయినా రెండోసారి అడిగించుకోడేం?

చైర్మన్‌కూ అదే అనిపించినట్టుంది. పక్క సభ్యుడి వైపు కొద్దిగా వంగి, దాదాపు పెదవులతోనే, “ఈయనకు నాకన్నా బాగా వినబడుతోంది” అన్నారు. ఆయన వెనకే కూర్చున్న నాకే సగం అందింది.

బల్ల అవతలి కొసనుంచి మల్లేశం, “లేదు సాబ్, మీకే బాగా వినబడుతుంది” అన్నాడు.

గదిలో టీ కలుపుతున్న చెంచా కూడా ఆగింది.

సభ్యుల్లో ఒక డాక్టరమ్మ ఉన్నారు. ఆవిడ ఎజెండా కాగితం తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, “మీకెంతమంది పిల్లలు?” అని గట్టిగానే అడిగారు.

మల్లేశం నవ్వి, తల ఊపి, “అవును మేడం” అన్నాడు.

కాగితం దించి మళ్ళీ అడిగారు. “ఇద్దరు మేడం,” అని, దొరికిపోయినట్టు బల్లకేసి చూశాడు. తర్వాత అతను చెప్పింది ఇది: మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి అందరూ పెదవులు చూసి మాట్లాడుకుంటారు. చెవులు పోయాక అదే పని బయటా చేస్తారు. ఎక్కడ పోగు తెగిందో చప్పుడును బట్టి పట్టలేనివాడికి యజమాని మగ్గాలు తగ్గిస్తాడు, కూలీ తగ్గిపోతుంది. అందుకని వినపడదని ఎవరికీ తెలియనివ్వరు. అందనప్పుడు నవ్వి తల ఊపుతారు. ఇరవై ఏళ్ళ అలవాటు. కమిటీ ముందు కూడా మానలేకపోయాడు.

సిఫారసుకు కావలసిన ఆధారం దొరికింది. సభ్యులు కుర్చీల్లో సర్దుకున్నారు. నేను మాత్రం చీటీ కాగితం తీశాను. చైర్మన్ తల వంచి చదివిన హెచ్చరికకు కూడా అతను తలే ఊపాడు కదా.

సమావేశంలో అధికారులు మాట్లాడరు, చీటీలు అందిస్తారు. ‘సాక్షికి హెచ్చరిక అందలేదు’ అని రాసి ముందుకు జరిపాను. చైర్మన్ చదివి, గోడ గడియారం చూసి, నన్ను చూశారు. ఆ చూపు అర్థం చేసుకోవడానికి పెదవులు చూడనక్కర్లేదు. “తెలుగులో మీరే చెప్పండి,” అన్నారు.

మల్లేశం ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, నోరు కనిపించేట్టు చెప్పాను. అతని ముఖంలో నవ్వు పోయింది.

“అంటె గిప్పటిదాంక చెప్పినదంత బయటికి పోతదా సార్?”

“పోవచ్చు. రహస్యంగా ఉంచమని అడగవచ్చు. అడిగినా మెంబర్లు చూడవచ్చు.”

“మా సేఠ్ బయటనే కూసున్నడు. మధ్యాహ్నం ఆయన వంతట గద.” తలుపు వైపు చూశాడు. “ఆయన మెంబర్ గాదు గదా?”

చైర్మన్‌కు అనువదించాను. “ఇప్పటికైతే కాదు,” అన్నారు ఆయన. ఎవరూ పెద్దగా నవ్వలేదు.

కావాలంటే సాక్ష్యం ఉపసంహరించుకోమన్నారు చైర్మన్. అప్పుడు మాకు మిగిలేది మంత్రిత్వశాఖ రెండు పేజీలే. ఆ సంగతి మల్లేశానికి చెప్పడం నా పని కాదు, చెప్పలేదు. అతను అరచేతులు రెండూ బల్ల మీద ఆనించి కూర్చున్నాడు. మగ్గం ఆడుతోందో లేదో చేత్తో తాకి తెలుసుకుంటామని అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఆ బల్ల ఏమీ చెప్పి ఉండదు.

“నా పేరు తీసెయ్యున్రి సార్,” అన్నాడు చివరికి. “చెవుల ముచ్చట ఉంచున్రి. ఇంకోటి గూడ రాయున్రి. పరీక్ష జేసి ఇనవడదని తేలినోని సాంచాలు గుంజుకోవద్దని. లేకుంటే పరీక్షకు ఎవడొస్తడు?”

సాంచా అంటే వాళ్ళ మాటలో మరమగ్గం. వినతిలో ఈ రెండో కోరిక లేదు. రాసినవాళ్ళకూ తట్టలేదు, చదివిన నాకూ తట్టలేదు.

నివేదికలో అతను ‘ఒక సాక్షి’. గడువుకు రెండు రోజుల ముందు అది స్థాయీ సంఘానికి చేరింది. పట్టికలో చెవుడు చేర్చాలన్న మాటను వాళ్ళు తీసుకున్నారు. మగ్గాలు లాక్కోకూడదన్న మాటకు మంత్రిత్వశాఖ నుంచి ‘గమనించడమైనది’ అని జవాబు వచ్చింది. మా భాషలో దానికి అర్థం, చదివి పక్కన పెట్టామని. మల్లేశం ఆ తర్వాత ఎన్ని మగ్గాలు నడిపాడో నాకు తెలియదు. విచారిస్తే, సాక్షి ఎవరో చెప్పినట్టవుతుంది. మల్లేశం అన్నది కూడా నేను పెట్టిన పేరే.

ఆ రోజు నేర్చుకున్నది ఒకటే. సాక్షి తల ఊపితే రికార్డుకు సరిపోతుంది, సాక్షికి సరిపోదు. ఆ తర్వాత చైర్మన్ల ముందు పెట్టే హెచ్చరిక కాగితం పైన, ‘సాక్షి వైపు చూస్తూ చదవాలి’ అని పెన్సిల్‌తో రాసి పెట్టేవాణ్ణి. సిరాతో రాయాలంటే కమిటీ తీర్మానం కావాలి.