అతుకు కనిపించని గీత

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను గరిడేపల్లిలో ఒక ట్రాక్టర్ ట్రాలీకి రంగు వేస్తున్నాను. మామ సూర్యాపేట మార్కెట్ దగ్గర రోడ్డు దాటుతుంటే ఎడమవైపు నుంచి బైకు వచ్చి కొట్టింది. రోడ్డు ఖాళీగా ఉందనుకునే అడుగు వేశాడని అక్కడున్న ఆటోవాళ్లు చెప్పారు. ఇరవై రోజులైంది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. మామ గురించి నా దగ్గర మంచి మాటలకు కొదవ లేదు. నా గురించే ఒక్కటీ దొరకడం లేదు.

మామ లారీలకు పెయింటర్. మిర్యాలగూడ రైస్ మిల్లుల బండ్లు కూడా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవి. బాడీ పలకల మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా పోయే పసుపు గీతను తాడు కట్టకుండా, టేపు అంటించకుండా గీసేవాడు. నేను బ్రష్ వైపు చూస్తే చాలు, గద్దించేవాడు. "బ్రష్‌ను ఏం సూస్తవ్ ర? ఏడికి పోవాల్నో గాడ సూడు."

పలకల మధ్య సందులుంటాయి, బోల్టులుంటాయి. గీత అక్కడ తెగుతుంది. కొత్తలో నేను ఆ సందుల్లోకీ బ్రష్ దూర్చి తంటాలు పడుతుంటే నవ్వేవాడు. పది అడుగులు వెనక్కి లాక్కెళ్లి "ఏడ తెగింది, సూపియ్" అనేవాడు. నిజంగానే కనిపించేది కాదు.

"సగం మనం గీస్తం. సగం సూసెటోని మనసు గీసుకుంటది."

అన్నం తినేటప్పుడు కూడా ఇవే ముచ్చట్లు. ఒకసారి నేల మీద నాలుగు సుద్ద చుక్కలు పెట్టి ఏం కనపడుతుందని అడిగితే, డబ్బా అన్నాను. "ఒక్క గీత గియ్యలే, డబ్బా ఏడికెళ్లి ఒచ్చింది ర?" అని మురిసిపోయాడు.

మూడేళ్ల కింద హాలియా నుంచి ఒక లారీ వచ్చింది. మామ దానికి గీసిన గీతలో జానెడు మేర రంగే లేదు. అక్కడ సందు లేదు, బోల్టు లేదు, నున్నటి పలక. మామ వెనక్కి నడిచి చూసి, "సాపుగ ఒచ్చింది" అన్నాడు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. పని నేర్పిన మనిషికి తప్పు చూపిస్తే చిన్నబుచ్చుకుంటాడని భయం. ఆయన చాయ్‌కి పోగానే ఆ ఖాళీ నేనే నింపేశాను. ఆ తర్వాత చాలా బండ్లకు అదే పని. మామ పరువు కాపాడుతున్నానని లోపల గర్వం కూడా, ఒట్టి గాడిదను.

పోయినేడు అద్దాలు మార్చుకుందామని కోదాడలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాం. నీటికాసులన్నాడు, అదే గ్లకోమా. ఈ జబ్బులో చూపు పోయినచోట నల్లగా ఏమీ కనిపించదట. చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడే ఆ ఖాళీని నింపేస్తుందట. అందుకే మనిషికి తెలియదట.

"పోయిన చూపు తిరిగి రాదండి. ముందే వచ్చుంటే ఇంత పోనిచ్చేవాళ్లం కాదు. పనిలో తేడా ఏమీ తెలియలేదా?" అని అడిగాడు డాక్టరు.

"ఒక్క తప్పు గూడ రాలే సారు. కావాల్నంటే మా అల్లున్ని అడుగుండ్రి."

నేను తల దించుకున్నాను.

తెల్లారి మామ షెడ్డుకు వచ్చి, రెండ్రోజుల కిందట పూర్తయిన లారీ దగ్గర నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, గీత మీద వేలు పెట్టి నడవడం మొదలుపెట్టాడు. ఒకచోట వేలు ఆగింది. ఎండిన రంగు మీద మళ్లీ వేసిన రంగు కొంచెం ఎత్తుగా తగులుతుంది.

"గిది నీ చెయ్యి."

"అవును మామా."

"ఎప్పటిసంది?"

"రెండేండ్లాయె."

"చెప్తే కొడ్తనా ర?" అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది.

మళ్లీ కళ్లు మూసుకుని నడిచాడు. లారీ చివర వచ్చేసింది. ఆయన వేలు మాత్రం ఆగలేదు. గాలిలో అదే ఎత్తున, అంతే తిన్నగా, ఇంకో నాలుగడుగులు పోయింది.