నాట్లకు ముందే నష్టం లెక్క

మా ఊరి మురుగు కాలువ గట్టున కెమికల్ ఫ్యాక్టరీ పెట్టిన నాలుగో ఏడు కోర్టుకు వెళ్ళాం, పదకొండు మంది రైతులం. కాలువ ఎగదన్నినప్పుడల్లా ఎర్రటి నీళ్ళు చేలకెక్కి, కంకులు తాలు పోయేవి. ఫ్యాక్టరీ ఆ నీళ్ళు వదలకుండా ఆపించాలన్నది మా మొదటి కోరిక. నష్టపరిహారం రెండోది.

లెక్కలు లేకపోతే కేసు నిలవదన్నారు ప్లీడరు గారు. ఆ పని నాకు పడింది. పెద్ద చదువు లేకపోయినా ఎకరాలు, సెంట్లు, బస్తాలు నాకు కొట్టిన పిండి. కాలువకు ఎంత దూరాన ఉన్న చేలో ఎన్ని బస్తాలు తగ్గాయో మూడేళ్ళకు పట్టిక గీశాను.

పక్క చేను బాబాయిది. వరసకే బాబాయి. ఆయన గట్టు మీది చేతిపంపే వాళ్ళింటికి తాగునీరు. అప్పటికే బిందెలో పైన జిడ్డుగా తెట్టు కట్టేది. నీళ్ళ సంగతి ఏ గడిలో రాశావని అడిగాడు. ధర కట్టలేనిది రాస్తే మిగతా లెక్క కూడా నమ్మరని చెప్పాను.

"నీ లెక్కలో తప్పుండదురా అబ్బాయ్. అదే నా భయం. ఇంతని తేలితే కట్టేస్తారు. కట్టేసినోణ్ణి ఇంకేం అడుగుతాం?"

నవ్వేశాను.

రెండేళ్ళకు తీర్పు వచ్చింది. నా పట్టికలో ఒక్క అంకె మారలేదు. డబ్బుతో తీరే నష్టమే కనుక ఫ్యాక్టరీని ఆపనక్కర్లేదనీ, ఏటా పంటలో తగ్గినంతా ఆ పట్టిక ప్రకారం కట్టాలనీ అందులో ఉంది. కాఫీ హోటల్లో అందరూ నా భుజం తట్టారు. బాబాయి రాలేదు. పిన్ని అప్పటికే ఊళ్ళో కుళాయి నుంచి బిందెలు మోస్తోంది.

మరుసటి ఏడు తొలకరికి సార్వా పంటకు నారు పోశాం. నాట్లింకా పడలేదు. ఫ్యాక్టరీ గుమాస్తా స్కూటర్ మీద మా ఇంటికి వచ్చాడు. చేతిలో నా పట్టికే, జిరాక్సు తీసి, అంకెలు చెరిపి.

"ఈ ఏటిది ముందే వేసిచ్చేయండి. నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు కంటే ఇదే చవకని మావాళ్ళు తేల్చారండి. కొంచెం ఎక్కువే వేయండి, కొత్త షెడ్డు మొదలవుతోంది."

పెన్ను మూత తీసి అందించాడు. నేను అంచున నిలువుగా ఒక గీత గీసి, పైన 'తాగునీరు' అని రాశాను.

అతను వంగి చూశాడు.

"అది తీర్పులో లేదు కదండి," అన్నాడు మర్యాదగా.