ఆకు వక్క అడగని పాట

పాటల మామ పోయాడని మొన్న పొద్దున పాలు పోయడానికి వచ్చినామె చెప్పింది. చెంబు నా చేతికిస్తూ, "మీ పాటల మామ పాయెనంట గదమ్మా" అని, నేను ఏడుస్తానేమోనని కాసేపు నిలబడింది. నేను ఏడవలేదు. పాలు కాచి పక్కన పెట్టి, బడికి రాలేనని కబురు పంపి, చీర మార్చుకుని బయల్దేరాను. పెనుకొండలో నేనుండే వీధికీ ఆయన కూతురి ఇంటికీ పెద్ద దూరం లేదు. ఆ కాస్త దూరం నడవడానికే ఆ రోజు నాకు చాలాసేపు పట్టింది. కోపం తీరకుండానే మనిషి పోతే ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియదు.

ఆయన నాకు చుట్టం కాదు. ధర్మవరంలో మా వీధివాడు. పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పట్టుచీరలు నేసేవాడు, పొద్దు గూకితే తంబూర అందుకునేవాడు. ఆయన కట్టినవన్నీ కథల పాటలే. దేవుళ్ళ కథలు కావు, రాజుల కథలు కావు. ఎద్దు చచ్చిపోతే కాడికి తన మెడే ఒగ్గిన రైతు, తప్పిపోయిన బిడ్డ కోసం రైలు కూత విన్నప్పుడల్లా స్టేషనుకు పరిగెత్తే తల్లి, ఇట్లా మన చుట్టూ తిరిగే మనుషులే ఆయన పాటల్లో తిరిగేవాళ్ళు. ఆయన పాడతాడంటే రొద్దం నుంచి, గుడిబండ నుంచి, రొళ్ల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. తెలుగు సరిగా రాని కన్నడంవాళ్ళు పక్కవాళ్ళను గోకి గోకి అర్థం చెప్పించుకునేవాళ్ళు. వాళ్ళకు అర్థమయ్యేసరికి ఆయన తర్వాతి చరణానికి పోయేవాడు కాబట్టి, మేమంతా నవ్వే చోట వాళ్ళు ఏడుస్తూ ఉండేవాళ్ళు.

మా వీధిలో ఏ మగ్గం దగ్గర చెవి పెట్టినా ఆయన పాటే. "వీని పాట పాడుకుంటా నేస్తే పని సాగదు, మనసంతా ఆ కథ మీదికే పోతాది" అని మా నాయన గొణిగేవాడు. గొణిగి, మళ్ళీ ఆ పాటే ఎత్తుకునేవాడు. నేను కండెలు చుడుతూ ఆయన పాటలన్నీ నోటికి నేర్చుకున్నాను. ఆయన అభిమానులందరిలో నేనే పెద్ద అభిమానినని పోట్లాడి మరీ ఒప్పించుకునేదాన్ని.

ఎవరైనా తమ కథ చెప్పుకుంటుంటే ఆయన వాళ్ళ ముఖం చూసేవాడు కాదు. పాదాల వైపు చూస్తూ, వేళ్ళకు పట్టుపోగు చుట్టుకుంటూ వినేవాడు. ఎందుకని అడిగితే, "ముఖం చూస్తే మనిషికి అబద్ధం చెప్పబుద్ధి అవుతాది పాపా. కాళ్ళు చూస్తాంటే నిజమే చెప్తారు" అన్నాడు. ఇంకోసారి, ఎద్దు దొంగ పాటలో ఆ దొంగకు కూడా తన గోడు చెప్పుకునే చోటు ఎందుకిచ్చావని ఎవరో దబాయిస్తే, "దొంగకూ ఒక చరణం ఇయ్యల్లప్పా. ఇయ్యకపోతే అది పాట కాదు, పంచాయితీ" అన్నాడు. ఈ మాటలు నేను బడిలో పిల్లలకు ఇప్పటికీ చెబుతాను. ఎవరి మాటలో మాత్రం చెప్పను.

ఆయనకొక కట్టుబాటు ఉండేది. ఎవరి కథ మీద పాట కట్టినా మొదట ఆ ఇంటి గడప ముందే కూర్చుని పాడాలి. ఇంటివాళ్ళు విని ఆకు వక్క ఇస్తే ఆ పాట ఊరికి పోతుంది. ఇవ్వకపోతే ఆ గడప దగ్గరే ఆగిపోతుంది. రొద్దంలో ఒక రైతు చనిపోతే అతని మీద మామ పాట కట్టుకుని పోయాడు. మా నాయనతో పాటు నేనూ పోయాను. పాట పూర్తయ్యాక ఆ రైతు తల్లి కళ్ళు తుడుచుకుని, "బాగుండాది నాయనా. కానీ నా కొడుకు తాగుతాండెనని ఊరూరా చెప్పొద్దు" అంది. ఆకులు ఇవ్వలేదు. "సరేమ్మా" అని ఆయన తంబూరకు గుడ్డ చుట్టుకుని లేచాడు. తిరుగుబండిలో మేమంతా ఆ ముసలమ్మను ఆడిపోసుకున్నాం. "అంత మంచి పాట వదిలేస్తివా మామా?" అని నేను ఏడుపు ముఖం పెడితే, "కథ వాళ్ళది పాపా. గొంతు ఒకటే మనది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన్ను దేవుడికి ఒక మెట్టు కిందే పెట్టుకున్నాను. అంత ఎత్తున కూర్చోబెట్టడం నా తప్పు కాదు. అక్కడ కూర్చోగలనని ఆయనే నమ్మించాడు.

ఇక్కడి నుంచి మా అక్క కథ. ఆ ఇంటి ఆకు వక్క తీసుకున్నాకే ఇది రాస్తున్నాను.

అక్కను హిందూపురం ఇచ్చారు. బావది బెల్లం మండీలో పని. పెళ్ళయిన కొన్నాళ్ళకు ఆ ఊళ్ళో ప్లేగు వచ్చింది. ఇళ్ళలో ఎలుకలు రాలితే జనం తలుపులకు తాళాలు వేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళు. అప్పుడు బావ మండీ పని మీద బెంగుళూరులో ఉన్నాడు. ఇంట్లో అక్క, చంకలో పసి ఆడబిడ్డ, అత్త. ఆయన తిరిగి వచ్చేసరికి తల్లి లేదు. జ్వరం తగిలి రెండో రోజే పోయిందని, ఆమె పోయాకే బిడ్డనెత్తుకుని తాను బయటపడ్డానని అక్క చెప్పింది. బావ నమ్మాడు. మేమూ నమ్మాం. తన తల్లికి చివరి గుక్క నీళ్ళు పోసిన చెయ్యి అని బావ అక్కను ఎంతో గౌరవంగా చూసుకునేవాడు. ఒక్క సంగతి మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. తాను వచ్చేసరికి, తల్లి గంప కింద మూసి పెంచిన కోళ్ళు వీధిలో తిరుగుతున్నాయి. "గంప ఎవరు ఎత్తిరో" అని చాలాసార్లు అనుకునేవాడట. అక్క "ఏమో" అనేది.

కొన్నేళ్ళకు అక్క పుట్టింటికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం పాటల మామ మా ఇంటికి వచ్చాడు. మగ్గం గదిలో అక్క ఆయనతో చాలాసేపు మాట్లాడింది. నేను వంటింట్లో ఉన్నాను. బయటికి వచ్చాక అక్క ముఖం తేటపడి ఉంది. ఏం చెప్పావే అంటే, "ఏం లేదులే" అంది. ఆయన పోతూ పోతూ అక్కతో అన్న మాట మాత్రం నేను విన్నాను. "ఇది పాట కాదమ్మా, నీ బరువు. నా కాడ పెట్టినావు. ఈడనే ఉంటాది."

ఆ మాట పట్టుకుని మా అక్క సుఖంగా నిద్రపోయింది. పాపం.

ఇంకో రెండేళ్ళు గడిచాయేమో. హిందూపురం సంత మైదానంలో ఆయన కొత్త పాట పాడుతున్నాడని తెలిసి, అప్పటికే బడి పనికి పెనుకొండ చేరిన నేను అక్కడ రైలెక్కాను. అక్కను, బావను నేనే బలవంతాన లాక్కుపోయి ముందు వరసలో కూర్చోబెట్టాను. పెట్రోమాక్స్ లైట్లు వెలిగించారు. పాట మొదలైంది. ఏదో ఊళ్ళో ప్లేగు. కోడలికి ఇద్దరు కొడుకులు. అత్తకు చంకలో గడ్డ లేచింది. ఇంక ఆమె బతకదని కోడలు బిడ్డలనెత్తుకుని, ప్రాణంతో ఉన్న ముసలిదాన్ని ఒంటరిగా వదిలిపెట్టి గడప దాటుతోంది. మైదానమంతా వెక్కుతోంది. నేను అందరికంటే గట్టిగా ఏడుస్తున్నాను. "ఎంత పాపిష్టిదే ఆ కోడలు" అని పక్కనున్న అక్కతో అన్నాను కూడా. అప్పుడు ముసలామె పిలిచి అడుగుతుంది:

"పోయేదానివి పోవె కోడలా, కోళ్ళ గంప ఎత్తి పోవె
నాతో పాటు అవి చావనేల, నాలుగు గింజలేరి బతకనీవె"

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బావ మాత్రం మెల్లగా తల తిప్పి అక్కను చూశాడు. అక్క లేచి నిలబడింది. ఎవరినీ చూడకుండా, కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి తొక్కుకుంటూ బయటికి నడిచింది. బావ వెనకే పోయాడు. నా చేతులు ఇంకా చప్పట్లలోనే ఉన్నాయి. ఎవరి కథకు చప్పట్లు కొట్టానో అప్పుడు తెలిసింది.

ఇంట్లో బావ కేకలు వేయలేదు. "అమ్మ ఉండంగనే వస్తివా?" అని ఒకటే అడిగాడు. అక్క అవునంది. మరునాడు పెరట్లో మూడు రాళ్ళు పెట్టి తన సంగటి తానే కెలుక్కున్నాడు. అప్పటి నుంచి అక్క చేతి కూడు తినలేదు. కొట్టలేదు, తరిమెయ్యలేదు, ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు.

తర్వాత కొన్నాళ్ళకు పాటల మామ పెనుకొండలో కూతురి దగ్గర ఉన్నాడని తెలిసి పోయాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మామా, మా అక్క ఆకు వక్క ఇచ్చెనా?"

"లేదు పాపా."

"మరి యాట్ల పాడితివి?"

"ఊరు మారిస్తి. కోడలికి కొడుకులను పెడితి. ఎవరికి తెలుస్తాదిలే అనుకుంటి."

"కోళ్ళ గంప యాల మార్చకపోతివి?"

"అది మారిస్తే ఇంక ఆ పాటలో ఏముంటాది?"

"పాట పోతే పోయేది గదా మామా. మా అక్క సంసారం పాయె. దొంగకూ ఒక చరణం ఇయ్యల్లంటివి. మా అక్కకు ఒక మాటన్నా ఇస్తివా? ఆమె బిడ్డ సంగతి, ఆమె భయం సంగతి ఒక్క మాట చెప్తివా?"

ఆయన నా పాదాల వైపు చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ముఖం చూడు మామా" అన్నాను. చూడలేదు.

"తప్పని తెలుసు పాపా. తెలిసే పాడితి" అన్నాడు. "అట్లాంటిది నాకు మళ్ళా దొరకదు."

నేను వచ్చేశాను. మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు. ఆ పాట ఆయన మానుకున్నాడట. జనం మానలేదు. మగ్గాల దగ్గర అదే, రైల్లో చెనక్కాయలమ్మేవాళ్ళ నోట అదే. ఆ కథ ఎవరిదో తెలియకుండానే అందరూ ఆ కోడలిని తిట్టేవాళ్ళు. అది మా అక్కేనని గట్టిగా అరవడానికి లేదు, విని ఊరుకోవడానికి లేదు. ఇంకా సిగ్గుచేటు సంగతి, ఆయన వేరే పాటలు ఎక్కడ వినపడినా నా కాళ్ళు ఆగిపోయేవి. నాకు చదువు మీద, మాట మీద, మనుషుల మీద ఇష్టం పుట్టించింది ఆ గొంతే. ఆ రుణం ఉంది. ఉన్నందుకే కోపం ఎక్కువ.

మొన్న ఆయన్ను సాగనంపడానికి ధర్మవరంవాళ్ళు మగ్గాలు ఆపేసి వచ్చారు. పాడె వెనక జనం పాడింది ఆ పాటే. నేను నోరు మూసుకుని నడిచాను. అట్నుంచి అటే రైలెక్కి హిందూపురం పోయాను.

అక్క వసారాలో చింతపండు గింజ తీస్తోంది. బావ పెరట్లో తన పొయ్యి ముందు కూర్చుని ఎసరు పెట్టుకుంటున్నాడు. పాటల మామ పోయాడని అక్కకు చెప్పాను. అక్క చేతిలో పని ఆపలేదు.

"ఏం పాట పాడిరి?"

"అదే."

ఇంకో గింజ తీసి, "ఆ పాట కడకు ఏమవుతాదే?" అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజు మధ్యలో లేచిపోయాక అక్క ఆ పాట విననే లేదు. ఎవరు ఎత్తుకున్నా లోపలికి పోయి తలుపు వేసుకునేది.

"యాల లేవే ఇప్పుడు?"

"చెప్పు. తిట్టుకుంటా పాయెనా మా అత్త?"

పాడలేక మాటగా చెప్పాను. కోడలు గంప ఎత్తి వెళ్ళిపోతుంది. ముసలామె పాకుతూ లేచి లోపల గడియ పెట్టుకుంటుంది, కోడలికి మనసు మారి తిరిగి వస్తే బిడ్డలకు కూడా తగులుకుంటుందని. తలుపుకు వీపు ఆనించి కూర్చుంటుంది. కాసేపటికి బయటి నుంచి ఎవరో తలుపు తోస్తారు. ముసలామె పలకదు. అంతటితో పాట అయిపోతుంది. తోసింది ఎవరో ఆయన చెప్పడు. గాలి అని కొందరు, యముడని కొందరు జనం ఇప్పటికీ హోటళ్ళలో వాదించుకుంటారు.

అక్క చేతులు ఆగిపోయాయి.

"నేనేనే తోసింది" అంది.

అక్క చింతపండు పక్కకు జరిపింది.

"బిడ్డను గుడిసెలో ఎవరికో ఇచ్చి వెనక్కి వస్తి. తలుపు రాలే. పిలిస్తి. కొడితి. లోపల ఉండాదని తెలుస్తానే ఉండె, ఊపిరి వినపడతాండె. ఆమె పలకలే." అక్క నా వైపు తిరిగింది. "పాటలాయనకు ఈ మాట చెప్పలేదే నేను. ఎవరికీ చెప్పలే. వస్తినని చెప్తే నమ్మేదెవరు? చెప్పింది ఎత్తుకపాయె, సరే. చెప్పనిది కూడా ఎత్తుకపాయెనా?"

బావ వచ్చేసరికి ఆ ఇంటి తలుపు పగిలి ఉండిందట. మందు చల్లేవాళ్ళు మూసిన ఇళ్ళన్నీ పగలగొట్టుకుని పోతున్న రోజులు కాబట్టి, గడియ లోపలి నుంచి పడిందని ఎవరికీ తోచలేదు.

నేను పెరటి వైపు చూశాను. ఎసరు పొంగి నిప్పుల మీద పడుతోంది. బావ పొయ్యి ముందు అట్లాగే కూర్చుని ఉన్నాడు. మూత తీయలేదు.