నలుగురికి ఒకే టికెట్

నేను రిటైరు కావడానికి నాలుగేళ్ళ ముందు, చేలల్లో కాయ కట్టే వేరుశనగ ఊడ కూడా మట్టిలోకి దిగని ఒక శ్రావణంలో, రాయదుర్గం రైలు మార్గంలోని ఒక చిన్న స్టేషన్‌కు నన్ను బుకింగ్ సూపర్‌వైజర్‌గా వేశారు. హోదా పేరు పెద్దదే కాని, కిటికీ వెనక కూర్చుని టికెట్లు కొట్టేదీ నేనే.

వానలు లేక పొలాలు బీడు పడటంతో చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్లకు పోయేవారు. పొద్దున పాసింజరుకు నా కిటికీ ముందు మొదట నిలబడేది ఓబులమ్మ. "రాయదుర్గానికి నాలుగు ఇయ్యండి సార్" అనేది. మిషన్ నలుగురికీ కలిపి ఒకే టికెట్ ఇస్తుంది. దాన్ని ఆమె కొంగున ముడివేసుకునేది. ఆమెతో షెడ్డు పనికి పోయే మిగిలిన ముగ్గురూ సీట్లు పట్టడానికి అప్పటికే ప్లాట్‌ఫారం మీద ఉండేవారు. రెండేళ్ళు ఇదే తంతు.

సీజన్ టికెట్ అంటే నెలంతా ఒకే దారిలో ఎన్నిసార్లయినా తిరగడానికి ఒక మనిషి పేరున ఇచ్చేది. నెలలో సగం రోజులు ప్రయాణం చేసినా విడి టికెట్లకంటే చవక. కాని ఫోటో అతికించి, ముద్ర కొట్టి, గుర్తింపు కార్డు రాయాలి. రైలు వేళకు ఆ పని పెట్టుకుంటే వెనక క్యూ అరుస్తుంది. అందుకే అడిగితే తప్ప దాని గురించి చెప్పకపోవడం మాకు అలవాటు. నా పైవాళ్ళు నాకు నేర్పారు, నేను కొత్తవాళ్ళకు నేర్పాను. సిగ్గుపడాల్సిన విషయం. అప్పుడు పడలేదు.

ఒక సోమవారం రైలు కిక్కిరిసి వచ్చింది. ముగ్గురూ ముందు పెట్టెలో ఎక్కారు. ఓబులమ్మ చివరి పెట్టెలో వేలాడింది. దారిలో తనిఖీవాళ్ళు ఎక్కి ఆ ముగ్గురినీ టికెట్ లేనివారి కింద జమకట్టారు. దిగాక ఓబులమ్మ పరుగున పోయి టికెట్ చూపించినా, తనిఖీ వేళకు దగ్గర లేని టికెట్ చెల్లదన్నారు. ఆమెను పొమ్మన్నారు. ఆమె పోలేదు. ముగ్గురూ జరిమానా కట్టి బయటపడేదాకా అక్కడే నిలబడింది. అప్పటికి షెడ్డు గేటు వేసేశారు. ముగ్గురికీ ఆ రోజు కూలి పోయింది. ఓబులమ్మకు ఆ నెలలో అది మూడో ఆలస్యం; మూడైతే పనిలోంచి తీసేయడం షెడ్డు రూలు. ఆమె కుట్టే మిషన్‌ను ఇంకొకరికి ఇచ్చేశారు.

మర్నాడు కిటికీ దగ్గరకు వచ్చి అడిగింది: "నలుగురికీ దుడ్లు కట్టినాం. టికెట్టూ ఉండాది. దొంగలెట్లయితాం సార్?"

నేను రూలు చెప్పాను. అంతటితో ఊరుకోక, సీజన్ టికెట్లు ఉంటే ఎవరిది వారి దగ్గరే ఉండేది, ఖర్చూ తగ్గేది అన్నాను. ఆమె గొంతు పెంచలేదు. "రెండేండ్లు మీ ముందరే నిలబడితిమి గదా సార్. ఈ మాట ఇన్నాళ్ళూ యాడ దాపెట్టుకోనుంటిరి?" అంది.

నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు. టికెట్ చెల్లదన్నవాళ్ళ మీద, మిషన్ లాక్కున్న షెడ్డు మేస్త్రీ మీద. కాని వాళ్ళంతా రూలు ప్రకారమే చేశారు. నేనూ అంతే. అదే మింగుడు పడలేదు. సీజన్ టికెట్ వివరాలు తెలుగులో, పెద్ద అక్షరాలతో కిటికీ పక్కన పెట్టించమని పైకి రాశాను. అలాంటి బోర్డు ఇప్పటికే ఉందని జవాబు వచ్చింది. నిజమే, ఉంది. పార్సిల్ గదిలో, త్రాసు వెనక గోడకు. చివరికి నేనే ఒక అట్ట మీద రాసి కిటికీకి కట్టాను.

ఆ వారమే ముగ్గురికీ సీజన్ టికెట్లు రాసిచ్చాను. ఓబులమ్మకూ ఫారం తీశాను. వద్దంది.

"పని యాడుందో తెలీకుండా నెల టికెట్టు ఏం చేసుకునేది సార్? షెడ్డు షెడ్డుకూ పోయి అడగల్ల. ఒగటి ఇయ్యండి."

ఆమె చెప్పిందే సరి. పని ఖాయంగా ఉన్నవారికే నెల టికెట్ చవక. ఆమెకు పని ఉన్న రెండేళ్ళూ నేను నోరు విప్పలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మూడు రోజులు వరసగా కిటికీ ముందుకు వచ్చిన ప్రతి మనిషినీ "రోజూ ఈ రైలుకేనా?" అని నేనే ముందు అడిగాను. అలా అడగాలని ఏ రూలూ లేదు. ఓబులమ్మను అడగనందుకు నా మీద ఏ చర్యా లేదు. నా సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ కూడా లేదు.