భూమన్న తీసిన సముద్రం

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఫోటో స్టూడియో నడిపిన భూమన్న ఇక లేడు. ఆ దుర్వార్త అందినప్పుడు నేను ఎల్లారెడ్డిలో ఒక దుకాణానికి బోర్డు రాస్తున్నాను. అక్షరం సగంలో వదిలేసి బస్సెక్కాను. మిత్రవియోగ దుఃఖం ఒకవైపు, ఒక మనిషి మీద ఇన్నేళ్లుగా చల్లారని క్రోధం మరొకవైపు. సంస్మరణలో క్రోధం తగదంటారు పెద్దలు. నేను దాచుకోను.

ఆయన స్టూడియో తెరలకు బొమ్మలు వేసింది నేనే. గల్ఫ్ పోయేవాళ్లు భార్యాపిల్లలతో ఫోటో దిగడానికి సముద్రం తెర కావాలన్నారు. సముద్రం మొహమెరుగని నేను అలలన్నీ ఒకే తీరుగా గీసి పెట్టాను. భూమన్న చాలాసేపు చూసి, "గిది సముద్రం గాదు తమ్మీ, దున్నిన మడి. ఇంక నారేసుడే తక్వ" అన్నాడు. నవ్వి ఊరుకోలేదు. నాకు అసలు అల ఫోటో తీసి చూపించడం కోసం తన భార్య రాజవ్వ వదినను వెంటబెట్టుకుని విశాఖపట్నం రైలెక్కాడు. వృత్తి పట్ల ఆయన నిష్ఠ అలాంటిది.

అరుణోదయ వేళ వదినను నీళ్ల అంచున నిలబెట్టి, అల వచ్చి ఆమె మట్టెలను తాకిన క్షణాన, కింది అంచున ఆమె పాదాలు మాత్రమే పడేలా ఫోటో తీశాడు. పక్కన మనిషి కాలుంటేనే అల ఎంతదో తెలుస్తుందని ఆయన వాదన. తెలుపు నలుపుల్లోనే తెల్లవారే వెలుగు కనిపించే అద్భుత చిత్రమది. దాన్ని చూసే నా తెర దిద్దుకున్నాను.

హైదరాబాదులో క్యాలెండర్లు అచ్చేసే ఒక పెద్దమనిషి స్నేహం నటించి ఆ నెగటివ్ పట్టుకుపోయాడు. కింది భాగం కోసేసి, తన పేరుతో అచ్చేసుకుని, సభల్లో శాలువాలు కప్పించుకున్నాడు. వాడి గల్లా పట్టుకుంటానని నేను లేస్తే భూమన్న ఆపాడు.

"నా పేరు వోతె వోనీ తమ్మీ. మీ వదిన కాళ్లు కోసిండు, గదే నాకు మనసుల వడ్తలేదు."

దినాల నాడు, పదకొండో రోజు కర్మకు, ఆ పెద్దమనిషి కారులో దిగాడు. ఆ ఉదయమే వదిన మట్టెలు తీయించారు. ఆయన భూమన్న పటానికి దండ వేసి, తాను తీసిన కెరటాల ఫోటో అంటే పోయినాయనకు ఎంత ఇష్టమో అందరికీ చెప్పసాగాడు. నా రక్తం ఉడికిపోయింది. లోపలి గోడకున్న పూర్తి ఫోటో తెచ్చి ఆయన ముందు నిలబెట్టాను. మూలన కూర్చున్న వదిన లేచి వచ్చింది.

"మీరే దీసిన అంటున్నరు గదా సారు. మరి గీ కాళ్లు ఎవరియో గూడ చెప్పుండ్రి."

అందరి చూపులూ ఫోటో మీది నుంచి వదిన బోసి పాదాల మీదికి మళ్లాయి. ఆ పెద్దమనిషి విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

నాకు అది చాలదు. ఆ క్యాలెండర్ బొమ్మ ఏ ఇంట్లో ఉన్నా, దాని మీది పేరు కొట్టేసి భూమన్న పేరు రాయండి. నా మిత్రుడికి నేను కోరే నివాళి అదొక్కటే. ఆయన లోటు మా ఊరికి తీరేది కాదు. ఆ పూర్తి ఫోటోను స్టూడియో ముందు, రోడ్డున పోయేవాళ్లందరికీ కనబడేలా కట్టాను. వదిన రోజూ వచ్చి కాసేపు నిలబడుతుంది. అందులో ఆమె మట్టెలు ఆమెకున్నాయి.