లింబాద్రన్న కొత్త గన్

బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా గది కింద ఒక వడ్రంగి దుకాణం ఉంది. పొద్దున ఏడింటికి వాళ్లు షట్టర్ ఎత్తుతారు. ఏడుంపావుకల్లా థిన్నర్ వాసన మెట్లెక్కి, మా తలుపు కింది సందులోంచి లోపలికొస్తుంది. గదిలో మిగతా ఇద్దరూ ముక్కు మూసుకుని ఇంటి యజమానిని తిడతారు. నేను టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడతాను. ఆ వాసన ఒంటికి మంచిది కాదని నాకూ తెలుసు. కానీ కొందరు మనుషులు గుర్తుకు రావాలంటే మల్లెపూలు కావాలి. లింబాద్రన్నకు థిన్నర్ చాలు.

ఆయనది ఆర్మూర్ దగ్గర పల్లె. ఇదే దేశంలోని హిద్‌లో పడవలకూ ఇనుప గేట్లకూ రంగులు వేసే వర్క్‌షాపులో పెయింటర్. నేను అప్పట్లో అక్కడ స్టోర్ కీపర్‌ని. బీకాం చదివినవాడివి లేబర్ వీసా మీద ఎందుకొచ్చావని చేరిన రోజే అడిగాడు. చెప్పక తప్పలేదు. పట్టా చేతికొచ్చిన రోజే, నలిగిపోకూడదని, జగిత్యాల బస్టాండు ఎదురుగా లామినేషన్ చేయించాను. ఈ దేశంలో ఆఫీసు ఉద్యోగం రావాలంటే పట్టా వెనక సర్కారు ముద్రలు పడాలనీ, ప్లాస్టిక్ మీద ముద్రలు వేయరనీ తర్వాత తెలిసింది. ఆ విధంగా నా చదువు తడవకుండా, చిరగకుండా, ఎవరికీ పనికిరాకుండా భద్రంగా ఉండిపోయింది.

లింబాద్రన్న మాస్కు కిందికి లాగి మరీ నవ్వాడు. "అంటే డిగ్రీకి రెయిన్‌కోటు తొడిగినవన్నమాట. మంచిగ జేసినవ్ తమ్మీ. జలుబు వట్టది." ఆ రోజు నుంచి నా పేరు డిగ్రీ. మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, కూడా కొన్నాళ్లకు అదే నా అసలు పేరనుకున్నాడు. నేను సరిదిద్దలేదు. పట్టా వల్ల నాకు జరిగిన ప్రయోజనం అప్పటికి అదొక్కటే.

ఆయన పని చేసే గన్ చూస్తే జాలేసేది. రంగు చిమ్మే స్ప్రే గన్ అది. పిడికి నల్లటేపు, ట్రిగ్గర్‌కు ఇనుప తీగ, కప్పుకు సొట్టలు. దానితోనే ఒకసారి కఫీల్ సొంత పడవకు రంగు వేశాడు. కఫీల్ వచ్చి పడవ పక్కన నిలబడి, తెల్లని రంగులో తన గడ్డాన్ని చూసి సవరించుకున్నాడు. వారం తర్వాత ఒక డబ్బా తెచ్చి లింబాద్రన్న చేతిలో పెట్టాడు. "యే తుమ్హారా. కంపెనీ కా నహీ," అన్నాడు. లోపల నీలం స్పాంజిలో, తన ఆకారానికే కోసిన గుంటలో, కొత్త జపాన్ గన్ పడుకుని ఉంది.

మరునాడు లింబాద్రన్న మామూలుగానే డ్యూటీకి వచ్చాడు. చేతిలో తీగ కట్టిన పాత గన్.

"కొత్తదేమాయె అన్నా?" అన్నాను.

"పెట్టెలున్నది."

"వాడవా?"

"ఒక్కసారి రంగు తాగిన గన్ మల్ల కొత్తది గాదు డిగ్రీ. ఊళ్లె దుకానం వెడ్త గదా, గప్పుడు దీస్త. మొదటి రంగు మా రాజవ్వ బీరువాకు."

రాజవ్వ ఆయన భార్య. ఆ బీరువా పెళ్లయిన ఏడాది ఆర్మూర్‌లో సెకండ్ హ్యాండుకు కొన్నాడట. అప్పుడే అక్కడక్కడా తుప్పు ఉంది. పెయింటర్ ఇంట్లో రంగు లేని బీరువా ఏమిటని వాడకట్టు ఆడవాళ్లు నవ్వుతారని రాజవ్వ అంటే, నెమలికంఠం రంగు వేస్తానని మాటిచ్చాడు. తర్వాత దుబాయి వచ్చాడు. బహ్రెయిన్‌ను కూడా మావాళ్లు దుబాయి అనే అంటారు. సెలవుకు వెళ్లిన ప్రతిసారీ ఆమె ఒకే మాట అడిగేదట, "నెమలి ఎప్పుడొస్తది?" అని. దుకాణం పెట్టాక, అనేవాడు ఈయన. గన్ మాత్రం మేమంతా ఉండే లేబర్ క్యాంపులోనే ఉండేది. బ్యాగులో వేస్తే గీతలు పడతాయని భయం.

ప్రతి శుక్రవారం క్యాంపు గదిలో ఒక కార్యక్రమం జరిగేది. ఉతికిన లుంగీ మంచం మీద పరిచి, డబ్బా తెరిచి, గన్ బయటికి తీసేవాడు. కప్పులో రెండు చెంచాల థిన్నర్ పోసి లోపల కలయదిప్పి పారబోసేవాడు. పైన మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. ట్యూబ్‌లైటుకెత్తి నాజిల్‌లోంచి ఒక కన్నుతో చూసేవాడు. రెండుసార్లు ట్రిగ్గర్ నొక్కేవాడు. టక్, టక్. మళ్లీ స్పాంజిలో పడుకోబెట్టేవాడు. "పెండ్లిపిల్లకు తానం అయిందా అన్నా?" అని గదిలోవాళ్లు ఏడిపించేవారు. "అయింది. మీరు జేసి ఎన్నొద్దులాయె?" అనేవాడు.

నేను నవ్వేవాణ్ని కాదు. నాకది సబబుగానే కనిపించేది. నా స్టోర్‌లో కూడా కొత్త సామాను పైఅరలో, పాత సామాను చేతికందేచోట ఉండేది. ఎవరైనా కొత్త బ్రష్షు అడిగితే పాతది పూర్తిగా బట్టతల అయ్యాక రమ్మనేవాణ్ని. ఇవ్వకపోవడమే స్టోర్ కీపర్ ధర్మమని నమ్మిన రోజులవి.

ఇలా నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం, పెద్ద గేటుకు చివరి కోటింగు సగంలో ఉండగా, పాత గన్ నాజిల్ పగిలింది. రంగులో హార్డెనర్ కలిపేశారు. గంట దాటితే బకెట్‌లోనే రాయైపోతుంది. గేటు మీద తడి ఆరితే అతుకు కనబడుతుంది. లింబాద్రన్న స్టోర్ కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. లోపల ఇంకో గన్ లేదు. ఉన్నదానితో ఇంకో ఏడాది నడుస్తుందని ఆ నెలే రాసి సంతకం పెట్టింది నేనే.

ఆయన వెనక్కి తిరిగాడు. క్యాంపు పక్కనే, నడిచి వెళ్లి డబ్బా తెచ్చాడు. మూత తెరిచి కాసేపు చూశాడు.

"వద్దులే అన్నా. కఫీల్‌కు నేను జెప్పుకుంట," అన్నాను.

"రంగు గలిపినంక ఆగదు డిగ్రీ," అని కప్పు నింపాడు.

ట్రిగ్గర్ నొక్కాడు. గన్ దగ్గినట్టు రెండు ముద్దలు గేటు మీద ఉమ్మింది. వెనకవైపు నుంచి రంగు కారి ఆయన మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకింది. గన్‌కు గాలి పంపే కంప్రెషర్ ఆపాడు.

విప్పి చూశాడు. లోపలి సూది చుట్టూ, రంగు కారకుండా ఉండే తోలు ప్యాకింగ్ బిస్కెట్టులా ఎండి, వేలు తగలగానే పొడి అయింది. వాడే గన్‌కైతే పని ముగిశాక కడిగి, ఆ తోలుకు ఒక చుక్క నూనె వేస్తారు. అది ఆయన చేతికి అలవాటే. కానీ కొత్తదానికి నూనె మరక అవుతుందని వేయలేదు. తోలును ఎండగొట్టే థిన్నర్ మాత్రం వారం వారం పోశాడు. మురికే కాని గన్‌ను నాలుగేళ్లు కడిగాడు.

ఆయన ఒక చెప్పు విడిచాడు. తోలు చెప్పు. కట్టర్‌తో పట్టీలోంచి చిన్న బిళ్ల కోశాడు, మేకుతో రంధ్రం చేశాడు, నూనెలో ముంచి వేళ్ల మధ్య మెత్తగా నలిపాడు. సూదికి తొడిగి బిగించాడు. ముద్దలు పడ్డచోట తుడిచి, మళ్లీ నొక్కాడు. ఈసారి రంగు తెల్లవారుజాము మంచులా వచ్చింది. గేటు పూర్తయ్యేదాకా చేయి ఆపలేదు.

పని ముగిశాక నా పక్కన కూర్చున్నాడు. ఒక కాలికే చెప్పు. "మీదికెల్లి తుడుసుకుంట కూసున్న తమ్మీ. లోపల ఎండిపోతున్నదని ఎరుక లేదు. మంచిగ జూసుకుంటున్న అనుకున్న." చెప్పు లేని కాలు దులుపుకుని, "గన్‌కు నోరు లేకపాయె. రాజవ్వకు ఉండె. అడగనే అడిగింది," అన్నాడు. ఆ ఎండలో క్యాంపు దాకా కుంటుకుంటూ వెళ్లాడు. నా బూట్లు ఇస్తానన్నాను. ఒక్కటి చాలన్నాడు, అదీ నా కాలికే ఉండనిమ్మన్నాడు.

మూడు నెలలకు సెలవుపై ఊరికి పోతూ గన్‌ను బట్టల మధ్య చుట్టుకుపోయాడు. దుకాణం లేదు, ఏమీ లేదు. ఆర్మూర్‌లో కంప్రెషర్ కిరాయికి తీసుకుని, ఆటోలో వేసుకుని, వాకిట్లోనే బీరువాకు నెమలికంఠం రంగు వేశాడు. తిరిగొచ్చాక ఆ ముచ్చట నాకు చాలాసార్లు చెప్పాడు. మొదటిసారి మాత్రం తడబడుతూ చెప్పాడు. రాజవ్వ ముందు బీరువా వంక చూడలేదట. గన్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పిందట. తర్వాత ఈయన వంక చూసిందట.

"ఏమన్నది?" అన్నాను.

"గన్ను ఇంక కొత్తగనే ఉన్నది, నువ్వే పాతవడ్డవ్ అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? మాస్కు వెట్టుకున్న. కండ్లల్ల నీళ్లొస్తే రంగు వాసనకనుకుంటది గదా."

ఆ శుక్రవారం లుంగీ పరవలేదు. నా మంచం ముందు నిలబడి, "తియ్ నీ డిగ్రీ," అన్నాడు. చేతిలో పాత రంగు ఊడగొట్టే వేడిగాలి మిషన్, సన్నటి పుట్టీ రేకు. నాకు విషయం అర్థమై పెట్టెకు అడ్డంగా కూర్చున్నాను.

"ఖరాబైతే అన్నా?"

"గిప్పుడేమన్న మంచిగున్నదా?"

పక్కకు జరిగి పెట్టె తెరిచాను. తీసిచ్చాను. రెండు గంటలు పట్టింది. వేడి చూపించడం, ప్లాస్టిక్‌ను వెంట్రుకంత లేపడం, ఊపిరి బిగబట్టడం. పడవలకు కూడా ఆయన అంత భయపడి పని చేయగా నేను చూడలేదు. ఒక మూల గోధుమరంగుకు మాడింది. అంచున ఒక పొర పోయింది. అక్షరాలన్నీ మిగిలాయి. ఎన్నో ఏళ్ల తర్వాత నా పట్టాను వేలితో తాకాను. మామూలు కాగితమే.

ఊరికి పోయేవాళ్లతో హైదరాబాద్ పంపించాను. ముద్రలన్నీ పడి, రెండు మడతలతో, ఎవరో దాని మీద పెట్టిన టీ గ్లాసు వలయంతో తిరిగొచ్చింది. ఆ ముద్రల మీదే ఇక్కడ ఆఫీసులో కుర్చీ దొరికింది. హిద్ వదిలే రోజు స్టోర్ పైఅరలో ఉన్న కొత్త బ్రష్షులన్నీ దించి పంచిపెట్టాను. నేను పోతున్నందుకు సంతోషంతో ఇస్తున్నానని కొందరు, అదే సంతోషంతో వాళ్లు తీసుకుంటున్నారని నేను అనుకున్నాం.

లింబాద్రన్న ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు ఆ గన్‌తోనే పని చేశాడు. అరచేయి ఆనేచోట మెరుపు పోయి లోపలి లోహం కనిపించేది. ఒకరోజు ఉద్యోగానికి ఖలాస్ చెప్పి ఇంటికి బయల్దేరాడు. విమానానికి ముందు నా గదికొచ్చాడు. గన్ పాత తువ్వాలలో చుట్టి బ్యాగులో ఉంది. డబ్బా నా చేతిలో పెట్టాడు.

"గిది నీకే డిగ్రీ. దాసివెట్టే గుణం నీకే ఎక్కువ."

దుకాణం పెట్టాడు. రెండేళ్లు నడిపాడు. పోయిన వానాకాలం ఛాతీ జబ్బుతో పోయాడు. రాజవ్వకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక, గన్ ఎక్కడుందక్కా, జాగ్రత్త, అన్నాను. స్టోర్ కీపర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

"ఆర్మూర్ల ఒక పెయింటర్‌కు ఇచ్చిన తమ్మీ. వాడుతుండు. గూట్లె వెట్టుకొని నేనేం జేస్త? వారంవారం కడగాల్నా?" అంది. ఇద్దరం కాసేపు నవ్వాం. తర్వాత ఆమె ఏడ్చింది. నేను మాస్కు కోసం వెతుక్కున్నాను.

ఈ మధ్య కొత్త చొక్కా కొంటే ఆ సాయంత్రమే తొడుక్కుంటున్నాను. పండగ ఎప్పుడని అడగను. కింద షట్టర్ లేచి థిన్నర్ వాసన వచ్చినప్పుడు మాత్రం మంచం కింది డబ్బా బయటికి లాగి మూత తెరుస్తాను. నీలం స్పాంజిలో గన్ ఆకారంలో గుంట. అందులో ఇంకే వస్తువూ పట్టదు, నేనూ పెట్టలేదు. ఈ దేశంలో నేనింకా దాచిపెట్టుకున్నది అదొక్కటే. అదీ ఖాళీది.