రాణెమ్మకు పుట్టింటి చీర

మా ఇంట్లో ఒక ఆడబిడ్డకు ప్రతి ఏడూ చీర పోయేది. ఆమె చనిపోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఆమెను చేసుకున్న సుల్తాను ఏ ఊరివాడో, ఏ వంశంవాడో అడిగితే మా నాయన తెల్లమొహం వేసేవాడు. అయినా వైశాఖం వచ్చిందంటే చీర, రవికగుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు, ఒడిబియ్యం సర్దుకొని రెండు బండ్లు కట్టేవాళ్ళు. కుందూ ఏరు దాటి నాలుగు మైళ్ళు పోతే ఆమె సమాధి. మా వాళ్ళకు ఆమె రాణెమ్మ.

కథ మా జేజి చెప్పేది. జేజి అంటే నాయన తల్లి. ఒక కరువు ఏట సుల్తాను దండు మా ఊరి పక్కన దిగిందట. సైనికులు ఇంటింటికీ తిరిగి గింజలు ఎత్తుకుపోతూ, విత్తనానికి దాచుకున్న జొన్నలు కూడా మూటగట్టారట. మా ఇంటి పిల్ల ఒక్కతే సుల్తాను డేరా ముందుకు పోయి, తినే గింజలు తీసుకున్నారు సరే, విత్తనాలు కూడా మింగేస్తే వచ్చే ఏడు దోచుకోడానికి మీకేం మిగులుతుందని అడిగిందట. ఆయన విత్తనాలు వెనక్కి పంపాడు. ఆ వెనకే పిల్లనడగడానికి మనుషుల్నీ పంపాడు. ఆమె ఒక్క షరతు మీద ఒప్పుకుంది. తాను ఎక్కడున్నా ఏడాదికొక చీర పుట్టింటి నుంచి రావాలి. నోరున్న ఆడపిల్లను మా ఇంట్లో మెచ్చుకోవడం ఆ ఒక్క కథలోనే విన్నాను. ఆ నోరే నాకు వచ్చిందని మా అమ్మ తలపట్టుకునేది.

జేజి కథ ముగింపు ఎప్పుడూ ఒకటే. రాణెమ్మ సుల్తాను కంటే ముందే, నొసట బొట్టుతో, చేతినిండా గాజులతో పోయింది. అందుకని చీర పట్టుకుపోయేది ముత్తైదువే కావాలి, మొగుడు పోయిన ఆడది ఆ బండి ఎక్కరాదు. జేజికి ఇరవై రెండేళ్ళకే తాత పోయాడు. కొత్త కోడలుగా ఉన్నప్పుడు రెండుసార్లు ఆ సమాధి దగ్గరికి పోయిందట, అంతే. నలభై ఏళ్ళుగా, బండ్లు కట్టే రోజున పొద్దున్నే తనంతట తనే వెనక గదిలోకి పోయి కూర్చునేది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు నాకు పద్దెనిమిది. పెళ్ళైన ఎనిమిది నెలలకే నా మొగుడు టైఫాయిడుతో పోయాడు. మంచివాడు, నా వాగుడుకు పడీపడీ నవ్వేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు. నన్ను పుట్టింటికి తెచ్చి వంటింట్లో పడేశారు. ఎనిమిదో తరగతి పాసయ్యాను కాబట్టి కడపలో టీచరు ట్రైనింగులో చేరొచ్చని మా ఊరి బడి అయ్యవారు దరఖాస్తు కాగితం తెచ్చి నాయనకిచ్చారు. నాయన సంతకం పెట్టాలి. ఆయన జేజి మాట దాటడు. మొగుడు పోయిన పిల్ల గడప దాటి యాడికి పోతాది అని జేజి ఒకే పట్టు. ఇంక పదిరోజుల్లో గడువు అయిపోతుంది. ఆ కాగితం పోకపోతే నా బతుకు ఆ పొయ్యి ముందే తెల్లారిపోతుందని నాకు బాగా తెలుసు.

ఆ వైశాఖంలో అమ్మ, వంటసామాను చూసుకోడానికి మనిషి కావాలని సాకు చెప్పి నన్ను వెనక బండెక్కించింది. చీర పళ్ళెం పట్టేది మా మేనత్త, నాయనకు అక్క. నేను బండి దిగకూడదని ఆమె అందరి ముందూ ఆన పెట్టింది. నా బండే ఎక్కి, దారి పొడుగునా నాకు వీపు పెట్టి కూర్చుంది. ఆ వీపు పుణ్యమా అని నాకు కాస్త నీడైనా దొరికింది.

అక్కడ చిన్న గుమ్మటం కింద రెండు సమాధులు పక్కపక్కన ఉంటాయి. ఒకటి సుల్తానుది, ఒకటి రాణెమ్మది. తరాలుగా దీపం పెట్టే కుటుంబంలోని ముసలామె మాకు ఎదురొచ్చింది. అందరం ఆమెను నానీ అనేవాళ్ళం. పుట్టింటివాళ్ళమని మాకు పెద్ద మర్యాదలు చేసేది, కాళ్ళకు నీళ్ళు, తాగడానికి పానకం. నీళ్ళ చెంబుతో వచ్చినామె నన్ను చూసి ఆగి, ఆ పాపను ఎండలో కూర్చోబెట్టారెందుకని అడిగింది. మేనత్త చెప్పింది. గొంతు తగ్గించే చెప్పింది, కానీ ఆమె గొంతు తగ్గినా పది ఇళ్ళకు వినబడుతుంది.

నానీ చెంబు కింద పెట్టింది.

"రాణెమ్మ ముందు పోయిందని ఎవురు చెప్పినారమ్మా? సుల్తాను పోయినాక ముప్పై ఏండ్లు బతికినాది ఆయమ్మ. ఆయన సమాధి కాడ దీపం పెట్టమని మా పెద్దోళ్ళను ఈడ కూర్చోబెట్టింది ఆయమ్మే. మేం తినే చేను ఆయమ్మ రాసిచ్చిందే. ముందే పోయింటే మేం ఈడ యాడుంటాం?"

మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అమ్మ మెల్లగా అడిగింది. నానీ తల దించుకుంది. తాను కోడలుగా వచ్చినప్పుడే అత్తగారు చెప్పిందట, కూతురు పసుపుకుంకుమలతో పోయిందని పుట్టింటివాళ్ళు నమ్ముకొని వస్తున్నారు, వాళ్ళ మనసు కష్టపెట్టొద్దు, ఇచ్చిన కుంకుమ కళ్ళకద్దుకొని రాతికి పెట్టు అని. మా మీద ప్రేమతో అంత మాటను తరాలుగా కడుపులో దాచుకున్నారు. ఈ పాపను చూసినాక ఇంక దాచబుద్ధి కాలేదని చెప్పి, నానీ నా చెయ్యి పట్టుకొని బండి దింపింది. మేనత్త మూతి ముడుచుకుంది గానీ పళ్ళెం నా చేతికిచ్చింది. చీర ఆ రాతిమీద పెట్టాను. పెట్టి, అక్కడే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. ఎనిమిది నెలల కాపురానికీ అప్పుడు ఏడ్చాను. అంతకు ముందు ఏడుపు కూడా సరిగా రాలేదు.

ఇంటికి రాగానే మేనత్త చెప్పులు విడవకముందే జేజికి అంతా చెప్పేసింది. జేజి పంచలో కూర్చొని విత్తనానికి చెనక్కాయలు వలుస్తోంది. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె వలవడం ఆపలేదు.

"ఆ ముప్పై ఏండ్లూ ఏం చేసిందంట ఆయమ్మ?" అని అడిగింది, నన్నే.

తిరిగి బండెక్కేలోపు నానీ చెప్పినవన్నీ చెప్పాను. రెండూళ్ళకు బావులు తవ్వించిందట, తెర చాటున కూర్చొని తగవులు తీర్చిందట, తన చేతులతో విత్తనాలు పంచిందట. చివర, పెద్దవయసులో చదువు కూడా నేర్చుకుందట అని కలిపాను. అది అబద్ధం. నానీ ఆ మాట అనలేదు, ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను. జేజి నా మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. తర్వాత నాయనను పిలిచి, ఆ కాగితం తెచ్చి నా కళ్ళముందర సంతకం పెట్టప్పా అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించాను. నా తిండి నేను తిన్నాను, నా గుడ్డ నేను కట్టుకున్నాను, నా నోరు నా దగ్గరే ఉంచుకున్నాను. ఇదంతా ఆ నానీ చలవే. అమ్మ సాకు చెప్పకపోతే, ఆమె నీళ్ళ చెంబు కింద పెట్టకపోతే, నేను ఏమైపోయేదాన్నో. వాళ్ళకు సరిగా కృతజ్ఞత చెప్పానో లేదో. ఆ వయసులో మనకు అన్నీ హక్కుగా వచ్చినట్టే ఉంటాయి.

మరుసటి వైశాఖానికి ట్రైనింగు సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాను. బండ్లు కట్టే రోజు జేజి వెనక గదిలోకి పోలేదు. అందరికంటే ముందు బండెక్కి కూర్చుంది. సమాధి దగ్గర నానీ ఆమెను గుర్తుపట్టి గబగబా వచ్చింది. ఆమె కాళ్ళు కడగబోతే జేజి ఆపింది.

"నలభై ఏండ్లు ఈ మాట కడుపులో పెట్టుకొనుంటివే. ఆ ఇంట్లో నేనొకదాన్ని ఉండానని నీకు తెలీదా?"

నానీకి తెలుసు. మీ మనసు చల్లగా ఉంటాదనుకుంటిమమ్మా అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. జేజి ఏడవలేదు. నానీ చెయ్యి పట్టుకుంది.

"సరే, పద. యా పక్కది ఆయమ్మదో కూడా మర్చిపోయినా."